రేకుకు అవతలి మనిషి

తెలంగాణ వచ్చిన కొత్తల్లో నేను మాల్ అనే ఊళ్లో ఒక జిరాక్స్ దుకాణంలో పనిచేసేదాన్ని. మాది మర్రిగూడ మండలం. పొద్దున్నే షేరింగ్ ఆటో ఎక్కి మాల్‌కు వచ్చి, పగలంతా ఆధార్ కార్డులూ పట్టా పాసుబుక్కులూ కులం సర్టిఫికెట్లూ కాపీలు తీసి, పొద్దు వాలేసరికి ఇల్లు చేరేదాన్ని. నల్లగొండ ఐటీఐలో ఫిట్టర్ కోర్సు పూర్తిచేసి అప్పటికి ఏడాదిన్నర అయింది. మా బ్యాచ్‌లో ఆడపిల్లలం ఇద్దరమే. రెండో అమ్మాయి పెళ్లి చేసుకుని వెళ్లిపోయింది. నా సర్టిఫికెట్టును కూడా అదే మెషీన్ మీద కాపీలు తీసి ఎక్కడెక్కడికో పంపేదాన్ని. ఎక్కడి నుంచీ జవాబు వచ్చేది కాదు.

ఒకరోజు మా ఐటీఐ సారు ఫోన్ చేశాడు. "విమానాల సామాన్లు చేసే ఫ్యాక్టరీ ఒకటి మనుషులను తీసుకుంటున్నదమ్మా. ఇబ్రహీంపట్నం దిక్కు. ఆడపిల్లలను కూడ తీసుకుంటమన్నరు. ఎల్లుండి పొద్దుగాల కాలేజీకి రా, ఒరిజినల్స్ మరిచిపోకు" అన్నాడు.

ఇంట్లో చెబితే అమ్మ పొయ్యి ముందు నుంచి లేవకుండానే అడిగింది. "గాళ్లు నిన్ను విమానం ఎక్కిస్తరా ఏంది?"

"ఎక్కియ్యరమ్మా. చేపిస్తరు."

"నువ్వు చేస్తే అది ఎగుర్తదా?"

బాపు మాత్రం ఏమీ అడగలేదు. మా తాతల కాలం నుంచీ మాకు గుంట భూమి లేదు. బాపు నాలుగెకరాలు కౌలుకు పట్టి పత్తి, కంది వేసేవాడు. మరునాడు ఆదివారం. ఆయన చర్చిలో లేచి నిలబడి, నా ఉద్యోగం కోసం ప్రార్థన చేయమని అడిగాడు. పరీక్ష ఇంకా రాయకముందే, నేను విమానాల కంపెనీకి పోతున్నానని వాడకట్టు మొత్తానికి తెలిసిపోయింది. ఇక ఫెయిలైతే దుకాణానికి ఏ ముఖం పెట్టుకుని పోవాలో అర్థం కాలేదు.

కాలేజీ ఆవరణ నిండా జనం ఉన్నారు. వరుసలో నా వెనక నిలబడిన ఆమె భుజం తట్టి పెన్ను అడిగింది. నాకంటే ఆరేడేళ్లు పెద్దది. చేతిలో రొట్టెల మూట. కోస్గి నుంచి మొదటి బస్సుకు బయలుదేరి, మూడు బస్సులు మారి వచ్చిందట. ఆమె కూడా ఐటీఐ చదివింది. చదువు కాగానే పెళ్లయింది, మూడేళ్ల కూతురు ఉంది. భర్త కోస్గి మార్కెట్లో ధాన్యం తూకం వేసే దడ్వాయి.

"బిడ్డ ఎవరి దగ్గరున్నది అక్కా?" అని అడిగాను.

"మా అత్త దగ్గర. నేను పోతానంటే మా అత్తనే పొమ్మన్నది. ఇంట్ల ఉంటే నా నోరు ఆగదంట" అని నవ్వింది.

నేను ఆమెను అక్కా అన్నది అదే మొదటిసారి. ఆ పిలుపు ఇప్పటికీ అట్లనే ఉంది.

కాగితం పరీక్ష తేలికగానే ఉండింది. అసలు పరీక్ష ఆ తర్వాత. ఒక చెక్కపెట్టె, దానికి చెయ్యి పట్టేంత కంత. లోపల ఏముందో కనబడదు. చెయ్యి దూర్చి, లోపల ఉన్న బోల్టులకు సరిపడే నట్లు వెతికి బిగించాలి. ఎదురుగా తెల్ల జుట్టు పెద్దాయన ఒకరు గడియారం చూస్తూ కూర్చున్నారు. ఆయన ఎక్కడో సర్కారు విమానాల కార్ఖానాలో జీవితమంతా పనిచేసి రిటైరై, మాకు పని నేర్పడానికి వచ్చిన సారు. కోస్తా వైపు మనిషి. నేను కళ్లు మూసుకుని బిగించాను. ఎట్లాగూ కనబడనప్పుడు కళ్లు తెరిచి ఉంచడం ఎందుకని.

ఆయన కొన్ని ప్రశ్నలడిగారు. నేను జవాబులు చెప్పాను గానీ, పెదవులు సరిగా విప్పకుండా చెప్పాను. "ఎందుకమ్మా అంత నోట్లో నోట్లో మాట్లాడతావు? భయమా?" అన్నారు.

"మాది మర్రిగూడ సార్" అన్నాను.

ఆయనకు అర్థమైంది. మా ఊళ్ల ఫ్లోరైడ్ నీళ్లు తాగి పెరిగిన మా వయసు వాళ్ల పళ్లు ఎట్లా ఉంటాయో తెలిసిన మనిషే. కాగితం మీద ఏదో రాసుకుని, "పళ్లతో కాదు కదమ్మా, చేతులతో కదా పని" అన్నారు. అంతే. పదిహేను రోజులకు ఉత్తరం వచ్చింది. అక్కకు కూడా వచ్చింది.

ఇబ్రహీంపట్నంలో ఇద్దరం కలిసి ఒక గది కిరాయికి తీసుకున్నాం. ఆమె జొన్నరొట్టె లేకుండా ఉండలేదు, నాకు అన్నం లేకపోతే తిన్నట్టే ఉండదు. ఒకే పొయ్యి. మొదటి వారం ఎవరు ముందు వండుకోవాలని చిన్న చిన్న అలకలు వచ్చాయి. తర్వాత ఆమె పొద్దున రొట్టెలు చేసేది, నేను సాయంత్రం అన్నం వండేదాన్ని. నెల తిరిగేసరికి నాకు రొట్టె, ఆమెకు అన్నం అలవాటయ్యాయి. ఆదివారం నేను చర్చికి పోతే, ఆమె కోస్గికి పోయి కూతురిని చూసి వచ్చేది. సెలవు దొరకని వారం ఫోన్‌లో ఆ పిల్లతో మాట్లాడుతూ బట్టలు ఉతికేది. ఫోన్ భుజానికీ చెవికీ మధ్య నొక్కిపెట్టి, రెండు చేతులతో బట్టలు పిండుతూ, అవతల పిల్ల చెప్పే ప్రతి మాటకూ "ఔనా, మల్ల?" అంటూ ఉండేది.

ఫ్యాక్టరీలో మొదటి మూడు నెలలు మాకు ఏ విమానమూ కనబడలేదు. పనికిరాని అల్యూమినియం పట్టీల మీద కన్నాలు వేయడమే. వరుసగా, నిటారుగా, ఒకే కొలతలో. సారు ఒక్కో కన్నాన్నీ భూతద్దం పెట్టి చూసేవారు. "దర్జీ అయితే కుట్టు విప్పుకుంటాడు. కన్నం వేసినవాడు దాన్ని పూడ్చలేడు" అనేవారు. చేతులకు కాయలు కాశాయి. కలలో కూడా కన్నాలే. మాతో చేరినవాళ్లలో ఇద్దరు ఆ విసుగు భరించలేక మానేశారు. మాకు మానేసే ధైర్యం లేదు. నాకు చర్చి ఉంది, అక్కకు ఆమె అత్త ఉంది.

ఆ తర్వాత అసలు పనిలోకి పంపారు. మా షెడ్డులో తయారయ్యేది హెలికాప్టర్ తోక భాగం. లోపల ఎముకల గూడు లాంటి చట్రం, దాని మీద పలుచని రేకు. ఆ రెండింటినీ రివెట్లతో కలపాలి. రివెట్ కొట్టడం ఒక్కరితో అయ్యే పని కాదు. బయట ఒకరు గాలితో పనిచేసే గన్ను పట్టుకుని రివెట్ తల మీద కొడతారు. లోపల ఒకరు ఇనుప దిమ్మెను రివెట్ కొనకు ఆనించి పట్టుకుంటారు. ఆ దెబ్బకు లోపలి కొన చదునై గుండీలా పరుచుకుంటుంది. ఇద్దరి మధ్య రేకు అడ్డం. ఒకరికొకరు కనబడరు. మోతకు చెవుల్లో దూది, మాట వినబడదు.

సన్నగా ఉన్నానని నన్ను లోపలికి పంపారు. అక్క బయట గన్ను పట్టింది. మా మాటలన్నీ దిమ్మెతోనే. రివెట్ బాగా కూర్చుంటే నేను లోపల నుంచి ఒకసారి తట్టాలి. ఇంకొంచెం కొట్టాలంటే రెండుసార్లు. చెడిపోయిందంటే మూడుసార్లు. మొదట్లో అక్క నా తట్టు కోసం ఆగి ఆగి కొట్టేది. పోను పోను నేను తట్టకముందే ఆమెకు తెలిసిపోయేది. ఆమె చెయ్యి అలసిందని గన్ను మోతలోనే నాకు తెలిసేది. గంటల తరబడి ఒకరి ముఖం ఒకరు చూడకుండా, అంత దగ్గరగా పనిచేసిన మనిషి నా జీవితంలో ఇంకొకరు లేరు.

కొన్ని రివెట్లను ఫ్రిజ్‌లో ఉంచేవాళ్లం. బయటికి తీశాక కాసేపట్లో కొట్టేయాలి, లేకపోతే గట్టిపడిపోతాయి. ఈ మాట ఇంట్లో చెబితే అమ్మ నమ్మలేదు. "మొలలు కూడ ఫ్రిజ్జుల పెడ్తరా? పాలు పెట్టుకోనీకె మనకు దిక్కులేదు" అంది. బాపుకు మాత్రం ఊరి మీదుగా ఏ హెలికాప్టర్ పోయినా, అది ఓట్ల కోసం వచ్చిన నాయకుడిదే అయినా, మా బిడ్డ చేసిందే అని పక్క చేను వాళ్లకు చెప్పడం అలవాటైంది. మేము చేసిన తోకలు పెట్టెల్లో పడి లారీలెక్కి, ఓడలెక్కి పరాయి దేశం పోతాయని ఎన్నిసార్లు చెప్పినా వినేవాడు కాదు. "పోతే పోయింది, రావొద్దని ఏమన్న ఉన్నదా?" అనేవాడు.

మమ్మల్ని పర్మినెంట్ చేయడానికి ఇంకా నెల రోజులుంది. ఆ రోజు పొద్దున అక్కకు కోస్గి నుంచి ఫోన్ వచ్చింది. పిల్లకు రెండు రోజులుగా జ్వరమట, దవాఖానకు తీసుకుపోతున్నామని అత్త చెప్పింది. సెలవు అడుగు అక్కా అన్నాను. "గిప్పుడు సెలవడిగితే గీమె ఇంటిమీద పానం పెట్టుకున్నదంటరు. సాయంత్రం పోత తియ్యి" అంది. పనిలో దిగినంక గన్ను మోత ఎప్పటిలా లేదు.

మధ్యాహ్నం తిండికి ముందు, ఇంకో నాలుగు కన్నాలు మిగిలాయి. అక్క డ్రిల్లు పెట్టింది. లోపల నుంచి నేను చూస్తుండగానే ముల్లు పక్కకు జారింది. గుండ్రంగా రావలసిన కన్నం కోలగా వచ్చింది. మూడుసార్లు తట్టాను. డ్రిల్లు ఆగింది.

నేను చెవుల్లో దూది తీసి ఆ కన్నం దగ్గర ముఖం పెట్టాను. అవతల అక్క కూడా దూది తీసి కన్నం దగ్గరికి వంగినట్టుంది.

"ఎంత పోయింది చెల్లె?" అని అడిగింది.

"కొంచెమే. కానీ పోయింది."

"రివెట్ కొడితే తల కింద కప్పువడతది. పైన పెయింటు ఏస్తరు."

నిజమే, కప్పుబడుతుంది. ఎవరికీ తెలియదు. చెబితే ఏమవుతుందో కూడా మాకు తెలియదు. ఒక తోక ఖరీదులో మా రెండు ఊళ్లు వస్తాయని షెడ్డులో చెప్పుకునేవాళ్లు. నాకు జిరాక్స్ దుకాణం గుర్తొచ్చింది. చర్చిలో బాపు లేచి నిలబడటం గుర్తొచ్చింది. లోపల ఉక్కపోతకు చెమట కళ్లల్లోకి కారుతోంది.

"అక్కా, లోపల నేనున్న. నేను చూసిన" అన్నాను చివరికి. అంతకంటే బాగా చెప్పడం నాకు చేతకాలేదు.

అవతల నుంచి ఆమె గొంతు వినబడింది. "గట్లనే. బయటికి రా. ఇద్దరం పోదాం. కానీ కన్నం నాది, నువ్వు నడుమ మాట్లాడకు."

మా పనిని తనిఖీ చేసే ఇన్‌స్పెక్టర్ దగ్గరికి పోతే ఆయన సారును పిలిపించారు. సారు టార్చి పట్టుకుని లోపలికి వంగి చాలాసేపు చూశారు. బయటికొచ్చి, "ఎవరు పట్టుకున్నారు దీన్ని?" అని అడిగారు.

"ఎవరు పట్టుకోలే సార్. మేమే చెప్తున్నం. డ్రిల్లు నాది" అంది అక్క. చేతులు కట్టుకుని నిలబడింది, బడిలో తప్పు చేసిన పిల్లలా.

"ధ్యాస ఎక్కడుంది?"

మాట్లాడవద్దన్నా నేనే చెప్పాను, ఆమె బిడ్డకు జ్వరమని. సారు అక్కను చూసి, "ఈ మాట పొద్దున చెప్పి ఉంటే ఈ కన్నం పడేది కాదు. వెళ్లు, ముందు బస్సెక్కు" అన్నారు. ఒక ఫారం తెప్పించి, కన్నం ఎక్కడ, ఎంత, ఎట్లా అన్నీ రాయించారు. ఇద్దరి చేతా సంతకాలు పెట్టించారు. ఆ సంతకంతోనే ఉద్యోగం పోయిందనుకున్నాను. అక్క కూడా అట్లాగే అనుకుని, కోస్గికి పోతూ తన రెండు చీరలూ రొట్టెల పెనమూ సంచిలో సర్దుకుని పోయింది.

నాలుగు రోజులకు ఇంజినీర్ల జవాబు వచ్చింది. ఆ ఒక్క చోట కొంచెం పెద్ద రివెట్ వేయవచ్చని రాశారు. అది వేసింది షెడ్డులోని సీనియర్. మమ్మల్ని మాత్రం రెండు వారాలు మళ్లీ పనికిరాని పట్టీల దగ్గరికి పంపారు. కొత్తగా చేరినవాళ్ల పక్కన నిలబడి కన్నాలు వేయడం సిగ్గుగా ఉండేది. అయితే ఉద్యోగాలు పోలేదు. నేను ఫోన్‌లో చెప్పగానే అక్క మరునాడు పొద్దునే పెనంతో సహా దిగింది. పిల్లకు జ్వరం తగ్గింది. గదిలోకి వచ్చి, సంచి కింద పెట్టి, గోడకు ఆనుకుని కూర్చుని ఏడ్చింది. సారు తిట్టి ఉంటే ఏడ్చేదాన్ని కాదు చెల్లె అంది. నెల తిరగ్గానే ఇద్దరినీ పర్మినెంట్ చేశారు.

ఆ తర్వాత మూడు నాలుగేళ్లు ఎట్లా గడిచాయో తెలియదు. పక్కన ఇంకో షెడ్డు లేచింది. దేవరకొండ నుంచీ కల్వకుర్తి నుంచీ పిల్లలు రావడం మొదలైంది. మొదట కంపెనీ బస్సు ఒకటే ఉండేది, తర్వాత బస్సులు వరుసగా నిలబడేవి. మేము చేరినప్పుడు ఆడవాళ్లం ఒక బల్ల చుట్టూ కూర్చుని తినేవాళ్లం. ఇప్పుడు చోటు దొరకాలంటే గంట కొట్టగానే పరుగెత్తాలి. మా కిరాయి గది చుట్టూ హాస్టళ్లు, కర్రీ పాయింట్లు, యూనిఫారాలు కుట్టే దుకాణాలు వచ్చాయి. మా ఇంటి ఓనరు పైన ఇంకో అంతస్తు వేశాడు. సారు రెండో బ్యాచ్ తయారయ్యాక వెళ్లిపోయారు. చివరి రోజు అందరినీ నిలబెట్టి ఏదైనా మాట్లాడమంటే, "కళ్లద్దాలు పెట్టుకోండి. బద్ధకించకండి" అని కూర్చున్నారు. మేము ఇంకా ఏమైనా చెబుతారని ఎదురుచూశాం. అంతే.

కరోనా వచ్చినప్పుడు ఆర్డర్లు ఆగిపోయాయి. నేను మర్రిగూడకు, అక్క కోస్గికి పోయాం. ఇంట్లో ఉన్న ఆ రోజుల్లో కంది చేలో కలుపు తీస్తూ, రేకు మీద చెయ్యి పెట్టకుండా ఎన్నాళ్లయిందో లెక్కపెట్టుకునేదాన్ని. మళ్లీ పిలిచినప్పుడు అందరం పోయాం. ఆ తర్వాత పని ఒక్కసారిగా పెరిగింది. ఎక్కడ చూసినా కొత్త ఫ్యాక్టరీలు, అన్నింటికీ చెయ్యి తిరిగిన మనుషులు కావాలి. ఒకప్పుడు మేము సర్టిఫికెట్లు పట్టుకుని తిరిగాం. ఇప్పుడు మా నంబర్లు ఎక్కడ దొరికాయో, వాళ్లే ఫోన్లు చేసేవారు.

బెంగళూరు నుంచి అక్కకు అట్లాంటి ఫోనే వచ్చింది. జీతం ఎక్కువ, ఇన్‌స్పెక్షన్ పని, ఉండటానికి క్వార్టరు. భర్తకూ అక్కడే స్టోర్సులో పని చూస్తామన్నారు. అన్నిటికంటే, బిడ్డ తన దగ్గరే ఉంటుంది. చెప్పేటప్పుడు ఆమె నా వైపు చూడకుండా పిండి కలుపుతోంది.

"నువ్వు కూడ రారాదు?" అంది.

"అమ్మకు మోకాళ్లు పట్టుకుపోయినయి అక్కా. వారం వారం పోయి చూడాలె గదా."

"తెలుసు. అయినా అడగాలె గదా."

ఆమె వెళ్లే రోజు నేను సెలవు పెట్టి కొత్తకోట దాకా పోయాను. కోస్గి నుంచి సామానుతో వాళ్లు ఆటోలో వచ్చారు. బెంగళూరు బస్సు కోసం హైవే పక్కన హోటల్ ముందు నిలబడ్డాం. పిల్ల స్కూలు బ్యాగు తగిలించుకుని, నానమ్మ చెయ్యి పట్టుకుని నిలబడింది. ఆమె కూడా పోతోంది. ఆ ముసలమ్మ నన్ను పట్టుకుని, "నా కోడలు నోరు నువ్వెట్ల భరించినవు బిడ్డా ఇన్నేండ్లు?" అని అడిగింది. మా ఇద్దరి మధ్య మాట్లాడుకునేది తక్కువే అవ్వా అంటే ఆమెకు అర్థం కాలేదు. బస్సు వచ్చింది. సామాను ఎక్కించే తొందరలో నేనూ అక్కా సరిగా పోయివస్తా అని కూడా చెప్పుకోలేదు. బస్సు కదిలాక హోటల్లో కూర్చుని ఒక టీ తాగి, హైదరాబాదు బస్సెక్కాను.

తర్వాత నాకు రకరకాల జోడీలు పడ్డారు. మంచి పిల్లలే. ఒకమ్మాయి అయితే నాకంటే శుభ్రంగా కొట్టేది. అయినా కొన్నాళ్లు లోపల కూర్చున్నప్పుడల్లా గన్ను మోతలో అక్క చెయ్యి కోసం వెతుక్కునేదాన్ని. ఆ పిల్లలతో ఆ మాట చెప్పలేదు, వాళ్లకు బాగుండదని. ఏడాదికి నన్ను కొత్తవాళ్లకు పని నేర్పే విభాగంలో వేశారు.

పోయిన ఎండాకాలం అక్క వారం సెలవుకు కోస్గి వచ్చిందంటే చూడటానికి పోయాను. జుట్టులో తెల్ల వెంట్రుకలు వచ్చాయి. బిడ్డ తల్లి ఎత్తు పెరిగింది. మధ్యాహ్నం తిన్నాక అరుగు మీద కూర్చుని, చాట ముందర పెట్టుకుని విత్తనానికి పల్లికాయలు వొలుస్తున్నాం. ఇప్పుడు ఇద్దరం గన్నూ దిమ్మె పట్టడం లేదని, చేతులు మెత్తబడ్డాయని ఒకరి అరచేతులు ఒకరం చూసుకుని నవ్వుకున్నాం. నేను నా దగ్గరున్న పిల్లల గురించి చెప్పాను. ఆమె కన్నడ నేర్చుకోవడానికి పడిన తిప్పలు చెప్పింది. ఆ తర్వాత కాయలు పగిలే చప్పుడే.

అంతలో పక్కింటామె కూతురిని వెంటబెట్టుకుని వచ్చింది. అమ్మాయి ఇంటర్ రాసింది. ఐటీఐలో చేరితే ఉద్యోగం వస్తుందా, ఆడపిల్లకు ఆ పని పడుతుందా, ఎన్నేళ్లు పడుతుంది అని తల్లి అన్నీ అడిగింది. మేమిద్దరం తెలిసినంత చెప్పాం. అక్క వస్తుందనే చెప్పింది. ఇప్పుడు తీసుకుంటున్నారు గానీ ఎల్లకాలం ఇట్లాగే ఉంటుందని చెప్పలేమని నేనన్నాను. ఆ అమ్మాయి మాత్రం మా మాటలు వింటూ ఊరికే నిలబడింది.

"నీకేమన్న అడగాలని ఉన్నదా?" అన్నాను.

ఆమె తల్లి వైపు ఒకసారి చూసి, "ఆడ అన్నం ఎట్లుంటది?" అంది.

తల్లి కసురుకోబోయింది. అక్క చేత్తో ఆపింది. "అడగనీ. రోజు తినేది గదే గదా." ఆ పిల్ల వైపు తిరిగి, "అన్నం మంచిగనే ఉంటది. పప్పుల జర ఉప్పు తక్కువ ఏస్తరు. గా చాట పక్కకు జరిపి కూసో, చెప్త" అంది.